మొండి స్తంభాల దగ్గర మోగే మోటారు

మొండి స్తంభాల మాట వస్తే ఆ రేవులో గొంతు తగ్గించి మాట్లాడేవారు.

ఎప్పుడో ఎవరో వంతెన కడదామని నది మధ్యలో మూడు స్తంభాలు లేపి, అక్కడితో చేతులు దులుపుకుని పోయారు. వంతెన రాలేదు. స్తంభాలు మాత్రం నిలబడిపోయాయి, నెత్తిన ఇనప చువ్వలు జుట్టులా లేచి. వాటి చుట్టూ ఒండ్రు మేటవేసి నీరు లోతు తగ్గింది. పగలు కొంగలు వాలేవి. చీకటి పడితే కొంగ కూడా అక్కడ ఉండదని చెప్పుకునేవారు. చీకటి పడితే కొంగ ఎక్కడైనా గూటికే పోతుంది గదా అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

పదకొండేళ్ళ కిందట పెద్ద సరంగు పోయింది అక్కడే.

ఆ సాయంత్రం ఒక్కడే పడవ తీసుకుని వెళ్ళాడు. తెల్లారి చూస్తే పడవ మధ్య స్తంభానికి ఆనుకుని ఉంది. మోటారు ఆగి ఉంది. చెప్పులు పడవలో పక్కపక్కనే ఉన్నాయి... మనిషి లేడు. మూడు రోజులు నీళ్ళలో మునిగి వెతికారు. దొరకలేదు.

అప్పటినుంచి ఆ రేవు సరంగులందరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. స్తంభాల దగ్గరికి రాగానే మోటారు ఆపాలి. మోటారు అడుగున తిరిగే పంకా నీటిమీదికి వచ్చేదాకా దాన్ని లేపాలి. తెడ్డు వేసుకుంటూ మెల్లగా దాటాలి. దాటాక మోటారు దించి, ముందుకే చూస్తూ పోవాలి. ఒడ్డున దీపం దగ్గరపడేదాకా వెనక్కి తిరగకూడదు.

పంకా రెక్కలు ఆయనకు తగలకూడదని ఆ జాగ్రత్త.

ఈ సంగతి ఆ రేవులో పుట్టి పెరిగిన ప్రతివాడికీ తెలుసు — ఒక్కడికి తప్ప. ఆ ఒక్కడు పెద్ద సరంగు సొంత తమ్ముడు. రేవులో మోటార్లు బాగుచేసే మెకానిక్. అతనికి మాత్రం చెప్పకూడదని ముందే కట్టు. చెబితే బాధపడతాడని.

ఇక ఆస్పత్రి పడవ నడిపేవాడి సంగతి. అతన్ని చిన్న సరంగు అనేవారు. పెద్ద సరంగు దగ్గర పని నేర్చుకున్నాడు గనక ఆ పేరు. యాభై దాటి తల నెరిసినా చిన్న సరంగే. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. రేవు వెనక ఒక గది. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, ఒకటే కంచం. రోజూ నర్సమ్మను అవతలి ఒడ్డుకు చేర్చడం, రాత్రికి తిరిగి తీసుకురావడం, లేకపోతే ఒక్కడే తిరిగి రావడం. అదే అతని పని, అతని లోకం కూడా.

పోయిన ఏడాది మెట్లమీద పడి కుడి భుజం దెబ్బతింది. ఆ స్తంభాల దగ్గర నాలుగు వేట్లు తెడ్డు వేయడానికే పళ్ళు బిగపట్టేవాడు. అందుకే ఆస్పత్రివాళ్ళు పాత మోటారు తీసేసి కొత్తది తెప్పిస్తే, పెళ్ళికొడుకును చూసినట్టు చూసుకున్నాడు. మెకానిక్ దాన్ని పడవ వెనక బిగించి, మరలన్నీ రెండుసార్లు సరిచూసి, కాగితం మీద సంతకం పెట్టాడు.

దానితో నది దాటిన మొదటి రాత్రే అది మోగింది.

చిన్న సరంగు స్తంభాలు దాటి, ఒండ్రులో పంకా కూరుకోకుండా మోటారును సగం ఎత్తులో ఆపే గాడిలోకి దించి, నడుపుకుంటూ వస్తున్నాడు. రెండు నిమిషాలు అయ్యుంటుంది. వెనకనుంచి... కూతలాంటి చప్పుడు. ఆగకుండా. ఒకే శ్రుతిలో.

మరుక్షణం మోటారు తనంతట తనే నీరసించింది. ఎంత తిప్పినా వేగం అందుకోలేదు. చీకట్లో, నది నడుమ, నడిచే మనిషి కంటే నెమ్మదిగా పడవ... వెనక ఆ కూత...

చిన్న సరంగు వెనక్కి తిరగలేదు. మెడ బిగదీసుకుని దీపంకేసే చూస్తూ కూర్చున్నాడు. ఒడ్డు చేరేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

మర్నాడు మోగింది. ఆ మర్నాడూ మోగింది. పోయేటప్పుడూ మోగింది, వచ్చేటప్పుడూ మోగింది. ఎప్పుడు మోగినా స్తంభాలు దాటిన రెండు నిమిషాలకే.

నర్సమ్మ మొదట్లో నవ్వేసింది. తన అత్తగారి గొంతు కూడా ఇలాగే ఉంటుందనీ, అలవాటైపోతుందిలెమ్మనీ అంది. కానీ ఆ వారంలోనే నొప్పులు పడుతున్న ఒక మనిషిని తీసుకొస్తుంటే మోటారు అలాగే నీరసించి, పావుగంట దారి గంట పట్టింది. ఆ రాత్రి ఆమె నవ్వలేదు. నేరుగా పోయి డాక్టరుకు చెప్పింది.

డాక్టరు మాట తేల్చేశాడు. శనివారం కంపెనీ మనిషి వస్తాడు. అప్పటికి చప్పుడు పోకపోతే మోటారు వెనక్కి ఇచ్చేస్తారు. ఇంకోటి వచ్చేదాకా తెడ్లే. తెడ్డు వేయగల మనిషిని పెట్టుకుంటారు. ఇవి ఆయన కోపంగా అన్న మాటలు కావు. ఉన్నమాటే చెప్పాడు. కానీ చిన్న సరంగుకు మాత్రం తన మంచం, తన పొయ్యి, తన కంచం ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. పడవ లేకపోతే రోజంతా ఆ గదిలో కూర్చుని ఏం చూడాలి?

మెకానిక్ కబురందగానే వచ్చాడు. పని విషయంలో అతను మహా గట్టివాడు. సరిచేసిన బండి తిరిగివచ్చిన పాపాన పోలేదని పేరు. ఆగకుండా మోగేది వేడి ఎక్కినందుకు మోటారు వేసే కూతేనని, చిన్న సరంగు చెప్పింది వినగానే పోల్చాడు. మోటారు అడుగున నీళ్ళు పీల్చుకునే జల్లెడ విప్పి చూశాడు, నాచు లేదు. నీళ్ళ పంపులోని రబ్బరు చక్రం కొత్తది కొత్తగానే ఉంది. నూనె సరిగా ఉంది. పెట్రోలులో నీరు లేదు. బ్యాటరీ తీగలు పీకి మళ్ళీ బిగించాడు. చివరికి ఇద్దరూ కలిసి పట్టపగలు స్తంభాలు దాటి పోయి వచ్చారు.

మోగలేదు.

సాయంత్రం ఇంకోసారి పోయారు. మోగలేదు. మోటారు పక్కనుంచి సన్నటి నీటిధార చక్కగా పడుతోంది. లోపల నీళ్ళు తిరుగుతున్నాయనడానికి అదే గుర్తు. మెకానిక్ ఆ ధార కింద వేలు పెట్టి, గోరువెచ్చగా ఉందని తల ఊపాడు.

చిన్న సరంగుకు మాత్రం ఇంకోటి తట్టింది. తమ్ముడు పడవలో ఉంటే మోగదు. తమ్ముడు దిగితే మోగుతుంది.

అతను లోపల్లోపల ఆ లెక్క మళ్ళీమళ్ళీ వేసుకున్నాడు. తమ్ముడి ముందు మోటారు లేపడానికి వీల్లేక, ఆ రెండుసార్లూ పంకా తిరుగుతుండగానే స్తంభాల పక్కనుంచి నడిపాడు. లోపల క్షమించమని వేడుకుంటూ నడిపాడు. అయినా పెద్ద సరంగుకు కోపం రాలేదు. తోడబుట్టినవాడిని గుర్తుపట్టాడు గనక ఊరుకున్నాడు... అంతే గదా?

మెకానిక్ మూడుసార్లు అడిగాడు. స్తంభాల దగ్గర ఏమైనా వేరుగా చేస్తావా? వేగం తగ్గిస్తావా? మలుపు కోసం పక్కకు వంచుతావా?

మూడుసార్లూ చిన్న సరంగు ఏమీ లేదన్నాడు. అది దయతో చెప్పిన అబద్ధమే. అయినా వైద్యుడి దగ్గర రోగం దాచినట్టే అయింది.

శుక్రవారం వచ్చింది. పొద్దుపోయాక నర్సమ్మను అవతలి ఒడ్డున దించాలి. ఆ రాత్రి ఆమె అక్కడే ఉండిపోతుంది. తిరుగు దారి ఖాళీ పడవ. చిన్న సరంగు మధ్యాహ్నమంతా గదిలో కూర్చుని ఆలోచించాడు. తమ్ముడికి తెలియనివ్వనని ఇచ్చిన మాట ఒకవైపు. పడవ ఒకవైపు. చీకటి పడేవేళకు లేచి మెకానిక్ షెడ్డు ముందు నిలబడ్డాడు.

తనతో రమ్మన్నాడు. ఎందుకని అడిగితే మాత్రం...

“చూద్దువుగాని. చూసింది చూసినట్టు ఊరుకో మేస్త్రీ. నన్నేమీ అడగకు.”

స్తంభాలకు చాలా ఎగువనుంచి నది దాటి నర్సమ్మను దించారు, తిరుగు దారిలో స్తంభాల వైపు వచ్చారు. చంద్రుడు లేడు. మెకానిక్ పడవ ముక్కు దగ్గర, వెనక్కి ముఖం పెట్టి కూర్చున్నాడు.  మోటారు హాయిగా పాడుతోంది.

చీకట్లోంచి ఇంకా నల్లగా స్తంభాలు లేచాయి. ఒకటి... రెండు... మూడు.

చిన్న సరంగు మోటారు ఆపాడు.

నిశ్శబ్దం మీద పడ్డట్టు పడింది. అతను లేచి, ఎడమ చేత్తో మోటారు పట్టి పైకి ఎత్తాడు. పంకా రెక్కలనుంచి నీళ్ళు కారుతున్నాయి... టప్... టప్... తెడ్డు అందుకున్నాడు. ఒక్కో వేటుకూ భుజం కలుక్కుమంటుంటే ఊపిరి బిగపట్టి వేస్తున్నాడు.

మధ్య స్తంభం పక్కకు వచ్చినప్పుడు, నీటికేసి వంగి, రోజూ మాట్లాడినట్టే మాట్లాడాడు. గుసగుసగా.

“అన్నా... నేనే. దాటిపోతున్నా. నర్సమ్మ అవతలే ఉంది, కాన్పు కేసుట. ఒడ్డున వాన పడేలా లేదు. నా భుజం అలాగే ఉంది...”

తెడ్డు ఇంకో వేటు వేశాడు.

“ఇవాళ మీ తమ్ముడు వచ్చాడన్నా. నేనే తీసుకొచ్చాను. కోప్పడకు.”

పడవ ముక్కు దగ్గర మెకానిక్ రెండు చేతులా పడవ అంచు పట్టుకున్నాడు. 

స్తంభాలు దాటాయి. చిన్న సరంగు మోటారును సగం గాడిలోకి దించి, నడిపించి, దీపంకేసి ముఖం తిప్పుకున్నాడు. వెనక్కి చూడలేదు. పిడికిలి బిగించి ఎదురుచూశాడు. ఒక నిమిషం... ఇంకో అర...

మోగింది.

అదే కూత. నది నిండా. మెకానిక్ లేచి, తూలుకుంటూ వెనక్కి వచ్చి, టార్చి వేశాడు.

“ఇటు తిరుగు.”

“తిరగకూడదు మేస్త్రీ.”

“తిరగవయ్యా. నీ మోటారు నువ్వు చూసుకో.”

చిన్న సరంగు తిరిగాడు. పదకొండేళ్ళలో ఆ నీళ్ళమీద అతను వెనక్కి తిరగడం అదే మొదలు.

టార్చి వెలుగులో మోటారు సగానికి సగం నీటిమీద ఉంది. నీళ్ళు పీల్చుకోవాల్సిన జల్లెడ అలకు ఒకసారి మునిగి, ఒకసారి తేలుతూ గాలి మింగుతోంది. పక్కనుంచి పడాల్సిన సన్నటి ధార లేదు. అక్కడ పొడిగా ఉంది. వేడెక్కిన రంగు వాసన వేస్తోంది.

మెకానిక్ మోటారు ఆపాడు. చల్లారేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. తర్వాత అతను దాన్ని అడుగు గాడిదాకా దించి మళ్ళీ నడిపాడు. ధార పడింది. ఐదు నిమిషాలు... పది నిమిషాలు. కూత లేదు. లోతు నీటిలోకి వచ్చాక పూర్తిగా దించకపోవడమే రోగం. వెనక్కి తిరిగి చూస్తే చంటిపిల్లాడికైనా తెలిసేది. చూడకూడదు గనక ఎవరికీ తెలియలేదు. పాత మోటార్లకూ ఇదే రోగం, కాకపోతే వాటికి నోరు లేదు. ఏడాది తిరక్కుండా ఆ రేవులో మోటార్ల పంపులు ఎందుకు మాడిపోతున్నాయో మెకానిక్‌కు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఇసుకను తిట్టుకుంటూ, ఒకదాని తర్వాత ఒకటి రబ్బరు చక్రాలు మారుస్తూ వచ్చాడు.

చిన్న సరంగుకు ప్రాణం లేచివచ్చింది. మోటారు దక్కింది. పడవ దక్కింది. కానీ మెకానిక్ మోటారును మళ్ళీ ఆపేశాడు. పడవ నీటివాలుకు మెల్లగా పోతోంది.

“ఎప్పటినుంచి ఈ లేపడం?”

“ఆయన పోయినప్పటినుంచీ.”

“ఎవరు చెప్పారు?”

 ఇక దాచడానికి ఏం మిగిలిందని చిన్న సరంగు చెప్పేశాడు. మెకానిక్ తల్లే చెప్పింది. వెతకడం ఆపేసిన రోజు సాయంత్రం ఆవిడ రేవుకు వచ్చి, ఒక్కో సరంగు చేతులూ పట్టుకుని అడిగింది. నా బిడ్డ ఒంటిమీద రెక్కలు తగలనివ్వకండి నాయనా అని. చిన్నవాడికి మాత్రం చెప్పొద్దంది. వాడు మెత్తనివాడు, తట్టుకోలేడంది. ఆవిడ పోయి నాలుగేళ్ళయినా ఎవరూ మాట తప్పలేదు.

మెకానిక్ పడవ అడుగున కూలబడ్డాడు. టార్చి చేతిలోంచి జారి, పడవ చెక్కలమీద దొర్లి, ఎక్కడో నీటిమీదికి వెలుగు పోసింది.

“వాడు అక్కడ లేడు,” అన్నాడు.

చిన్న సరంగుకు అర్థం కాలేదు.

“ఆరు నెలలకు ఉత్తరం వచ్చింది. నాకు. నాలుగే నాలుగు ముక్కలు. నేను బాగానే ఉన్నాను... ఈ నీళ్ళు చూడలేక వచ్చేశాను... వెతకొద్దు... అమ్మకు చెప్పకు.” అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. “చెప్పలేదు.”

అమ్మ ఏడుపు అప్పటికి కాస్త తగ్గిందట. చచ్చిపోయిన కొడుకంటే ఆవిడ తల ఎత్తుకుని తిరగగలదు, వదిలేసి పారిపోయిన కొడుకంటే తిరగలేదని అనుకున్నాడట. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగా ఆవిడే పోయింది.

అతను అబద్ధమాడలేదు. నోరు మూసుకున్నాడు, అంతే. కానీ ఒకడు మూసుకున్న నోరు ఎందరి చేత తెడ్డు వేయిస్తుందో ఎవడు ముందు లెక్కగడతాడు?

చిన్న సరంగు కేకలు వేయలేదు. కొట్టడానికి పోలేదు. పెద్ద సరంగు కనబడకుండా పోయిన సాయంత్రం, రేవులో నిలబడి, వస్తావట్రా అని తనను పిలిచాడు. తను అన్నానికి కూర్చోబోతూ, నువ్వు పదన్నా అన్నాడు. ఆ ఒక్క మాటకు పదకొండేళ్ళుగా రోజూ స్తంభాల దగ్గర లెంపలేసుకుంటున్నాడు. రోజూ ఊసులన్నీ చెబుతున్నాడు. భార్య పోయిన రాత్రి కూడా ముందు చెప్పింది ఆ నీళ్ళకే.

అతను ఒకే ఒకటి అడిగాడు.

“నా గురించి ఏమైనా రాశాడా?”

మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. ఆ చీకట్లో అది కనబడదని తోచి, లేదని నోటితో అన్నాడు. ఇప్పుడు ఉన్నాడో పోయాడో కూడా తనకు తెలియదన్నాడు. ఆ ఒక్క ఉత్తరం తర్వాత ఇంకోటి రాలేదు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ రేవులో అందరినీ పిలిచి, మెట్లమీద నిలబడి, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. దాచుకున్న ఉత్తరం కూడా చూపించాడు. కొందరు ముఖం తిప్పుకుపోయారు. ఒక ముసలి సరంగు మాత్రం గడ్డం గోక్కుని, “అయితే ఇన్నేళ్ళూ కొంగలకా మనం దారి ఇచ్చింది?” అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మెకానిక్ తిట్లు పడ్డాడు, పడ్డవాటికి జవాబివ్వలేదు. ఆలస్యమైనా అతను చేసింది సరైన పనే. ఆలస్యానికి వడ్డీ ఎవరు కట్టారన్నది వేరే సంగతి.

కంపెనీ మనిషి వచ్చి, మోటారు నడిపి చూసి, లోపం లేదని రాసి పోయాడు. డాక్టరు ఇంకెవరినీ పెట్టుకోలేదు. ఆస్పత్రి పడవ చిన్న సరంగు చేతిలోనే ఉండిపోయింది.

సోమవారం రాత్రి నర్సమ్మ మళ్ళీ అవతలే ఉండిపోయింది. చిన్న సరంగు ఒక్కడే తిరిగి వస్తున్నాడు. మోటారు అడుగు గాడిలో ఉంది. ధార సన్నగా, నిలకడగా పడుతోంది. భుజానికి నొప్పి లేదు. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి.

స్తంభాలు వచ్చాయి.

వేగం తగ్గించాడు. మధ్య స్తంభం పక్కకు రాగానే, అలవాటుకొద్దీ నీటికేసి వంగి నోరు తెరిచాడు...

ఎవరితో?

నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. టార్చి తీసి నీటిమీద వేశాడు. మట్టిరంగు నీళ్ళు. నాచు. ఒక ఖాళీ సీసా. స్తంభానికి వేశాడు, పైన చువ్వలదాకా. తుప్పు. అటు తిప్పి, ఇటు తిప్పి, పడవ చుట్టూ నాలుగువైపులా వెలుగు పోసి చూశాడు. ఎక్కడా ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు.

పదకొండేళ్ళు పెద్ద సరంగు దెయ్యం ఉందనుకున్న నీళ్ళమీద అతను రోజూ పడవ నడిపాడు. గగుర్పాటు కలిగింది, చెమటలు పట్టాయి. కానీ రావడం మానలేదు.

ఎవరూ లేరని తేలాక, ఇప్పుడు వేసింది అసలు భయం.  చిన్న సరంగు టార్చి ఆర్పకుండానే ఒళ్ళో పడేసి, మోటారు పిడిని చివరిదాకా తిప్పాడు. ఒడ్డు దీపంకేసి, అందినంత వేగంగా, మోగని మోటారుమీద ఒక్కడే పోయాడు.